కళ్ళు మూసుకునే మలుపు

“ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరినీ అక్కడ కళ్ళు మూసుకోమన్నది మీ అత్తగారి కోసమా అన్నా?”

“అడవి కోసం కూడా.”

“అడవి సంగతి తర్వాత. పిల్ల కనపడక తల్లి కేకలేస్తుంటే నువ్వు చెట్టుకేసి చూస్తూ నిలబడ్డావంట. ముందు అది చెప్పు.”

“పిల్ల తప్పిపోలేదు మిదేవా. తప్పిపోయింది మా అత్తగారు. పిల్ల ఆమెకు దారి చూపించింది.”

అడవి గేటు పక్కన గైడ్ల సంఘానికి ఒక రేకుల గది ఉంది. దాని కిటికీకి తలుపు లేదు. ఆ కిటికీ కిందే మోటార్‌సైకిల్ నిలుపుకుని, అడవి చూసి బయటికొచ్చినవాళ్ళను బస్సు రోడ్డు దాకా దింపుతుంటాను. ఎల్డోరెట్ పట్నంలో కాలేజీ మానేసి వచ్చినప్పటినుంచీ నా పని ఇదే. ఆ పొద్దున బేరం లేక ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూచున్నాను. నేను అక్కడున్నానని లోపలి ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ గొంతు తగ్గించలేదు.

మిదేవ సంఘానికి అధ్యక్షురాలు. ఫారెస్టు ఆఫీసరు ముందు కుర్చీలో కూచుని మాట్లాడగల మనిషి మా వైపు ఆమె ఒక్కతే, అందుకే ఎన్నుకున్నారు. ఆమెకు జవాబు చెబుతున్న ముకబానె గైడ్లందరిలోకీ పెద్దవాడు. మా నాన్నకు చెల్లెలి వరసయ్యే ముసింబిని చేసుకున్నాడు కనుక నాకు మామ. మనిషి పొడుగు, కొంచెం వంగి నడుస్తాడు. ఎండైనా వానైనా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వయసులో ఉన్నప్పుడు పందెపు ఎద్దుల ముందు నడిచేవాడట. డోళ్ళు మోగుతుంటే, జనం ఈలలు వేస్తుంటే, ఎద్దు బెదరకుండా దాని చెవి దగ్గర ఏదో గొణుగుతూ పందెం మైదానం దాకా తీసుకెళ్ళడం అతని పని. ఒక ఎద్దు ఎడమ మోకాలు పాడుచేసి ఆ పని మాన్పించింది. అప్పట్లో ఎద్దుకు ఏం చెప్పేవాడివని ఒకసారి అడిగాను.

“తొందరేం లేదు అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు పిల్లలకు చెప్పేదీ అదే,” అన్నాడు.

పిల్లలతో వచ్చేవాళ్ళూ, అడవి మొహం ఎన్నడూ చూడనివాళ్ళూ, ఆయాసం ఉన్నవాళ్ళూ, పెళ్ళికి పోయే చెప్పులతో వచ్చేవాళ్ళూ అందరూ ముకబానె చేతికే వస్తారు. వాళ్ళను తిప్పేది చిన్న దారి. గేటు దగ్గర జామపొదల మధ్య మొదలై, నీడలోకి దిగి, కోతులుండే పెద్ద మాన్ల కింద ఒక చుట్టు చుట్టి, వాగు దాటి, టీ తోటల అంచున బయటికొస్తుంది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నపు వాన పడేలోపు ఇంటికి పోవచ్చు. సింహాలున్నాయా అని ప్రతి పిల్లా అడుగుతుంది. సింహాల్లేవు, చీమలున్నాయి, అవి సింహాలకంటే చెడ్డవి, మేజోళ్ళు ప్యాంటు పైకి లాక్కోండి అంటాడు మామ. అక్కడితో పిల్లలు అతని వాళ్ళైపోతారు. కుర్ర గైడ్లకు మాత్రం ఈ దారంటే చిన్నచూపు. వాళ్ళు కొండ దారి ఎక్కుతారు, పైనుంచి అడవంతా కనపడుతుంది, ఫోటోలు బాగా వస్తాయి. చిన్న దారిని బామ్మల దారి అంటారు.

ఆ మాటలో నిజముంది. అది నిజంగా ఒక బామ్మ దారి. ముకబానె అత్తగారు ఖసండి కోడలిగా వచ్చిన నాటినుంచి ఆ దారినే కట్టెలకు పోయేది. పర్మిట్ చీటీ ఉన్నవాళ్ళు ఎండుకట్టెలు ఏరుకోవచ్చు. తలమీద మోపుతో నడిచే ఆడది నిటారు మెట్ట ఎక్కదు, జారే రాయి తొక్కదు, చుట్టు తిరిగైనా చదునుగా ఉన్న చోటే అడుగేస్తుంది. అలా కొన్నేళ్ళు నడిస్తే ఆ దారి పసిపిల్లలు కూడా నడవగల దారి అవుతుంది. కుటుంబాలతో వచ్చేవాళ్ళకు తేలికైన దారి ఒకటి కావాలని సంఘం వెతుకుతున్నప్పుడు దాన్ని చూపించింది ముకబానె. ఆ దారి అతను తెలుసుకున్నది తప్పుకోవడానికి. అత్తగారు ఏ దారిన పోతుందో తెలిస్తేనే గదా అల్లుడు ఇంకో దారిన పోగలడు.

మా దగ్గర అత్తా అల్లుడూ ఎదురుపడరు. చెయ్యి కలపరు, ఒక ఇంట్లో కూచుని తినరు, ఒకరి మొహం ఒకరు చూడరు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. ఈ కాలంలో చాలామంది దీన్ని వదిలేశారు. ఫోన్లో అత్తగారికి పండగ శుభాకాంక్షలు పంపే అల్లుళ్ళున్నారు. నాకైతే ఈ పట్టింపంటే చిరాకు, దాచుకోను. కానీ ముకబానె, ఖసండి వదల్లేదు. అత్తగారి దారే తన ఉద్యోగమైపోయాక మామ ఒక ఏర్పాటు చేశాడు. వాగుకు కొంచెం ఇవతల మలుపులో మొదలు విచ్చుకున్న పెద్ద మాను ఉంది. అక్కడ తన గుంపును ఆపి, అందరినీ మానువైపు తిప్పి, రెండు చప్పట్లు కొట్టి, ఇప్పుడు కళ్ళు మూసుకోండి, అడవి ఏం మాట్లాడుతుందో వినండి అనేవాడు. తానూ మానువైపు తిరిగి కళ్ళు మూసుకునేవాడు. పొదల వెనక కూచున్న ఖసండి ఆ చప్పట్లు విని లేచి, మోపు నెత్తిన పెట్టుకుని, వాళ్ళ వీపుల వెనకగా నడిచి, వాగు మీద దుంగ దాటేది. దాటాక కర్రతో దుంగను ఒక దెబ్బ కొట్టేది. ఆ చప్పుడు వినగానే మామ, ఇంక తెరవండి అనేవాడు. వచ్చినవాళ్ళు దాన్ని వడ్రంగిపిట్ట అనుకునేవాళ్ళు. ఇంటికెళ్ళాక ఆ నడకలో తమకు అన్నిటికంటే నచ్చింది ఆ కళ్ళు మూసుకున్న చోటే అని చెప్పినవాళ్ళు ఎంతోమంది. నా బండి వెనక కూచుని నాకే చెప్పారు. ఈ ఏర్పాటు సంగతి మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. సంఘానికి తెలీదు.

ముందురోజు కిసుము పట్నం నుంచి ఒక కుటుంబం వచ్చింది. అమ్మ, నాన్న, చిన్నపిల్ల అవినో. తిరిగి పోయేటప్పుడు తల్లి ఇంకో బండి ఎక్కింది. తండ్రీ కూతురూ నా బండి ఎక్కారు. తండ్రి దారంతా ఫోన్లో గైడు మీద ఎవరికో ఫిర్యాదు చేస్తున్నాడు. పిల్ల నా ముందు ట్యాంకు మీద కూచుని జరిగింది చెప్పింది.

“అందరూ రెండు కళ్ళూ మూసుకున్నారు. నేను ఒకటే మూశా,” అంది.

ఆ తెరిచిన కంటికి నెత్తిన కట్టెలతో ఒక ముసలమ్మ కనపడింది. ఆమె మలుపు దగ్గర ఆగి, కాలితో నేలను అటూ ఇటూ తడిమి, దారి వదిలేసి వాగు లోతువైపు నడిచిందట. అవినో వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది, దుంగ దగ్గరికి తీసుకొచ్చి, దాటించి, అవతల నిలబడింది. ఆ అమ్మమ్మ చెయ్యి చెట్టు బెరడులా ఉందనీ, తనను అమ్మా అని పిలిచిందనీ చెప్పింది. ఈలోగా ఇవతల తల్లి కళ్ళు తెరిచి చూస్తే పిల్ల లేదు. ఆమె అరిచింది. తండ్రి గైడు భుజం పట్టి కుదిపాడు. గైడు వెనక్కి తిరగలేదు. దుంగ మీద కర్ర చప్పుడు వినపడేదాకా తిరగలేదు.

మిదేవ కోపం దాని మీదే. నిజం చెప్పాలంటే నేనామెను తప్పు పట్టలేను. పిల్ల మాయమైతే కదలని గైడున్నాడని నలుగురికీ పాకితే ఇక కుటుంబాలు రావు. రేకుల గదిలో మామ తన వైపు చెప్పుకున్నాడు. చిన్న అడుగులు తన పక్కనుంచి వెళ్ళడం విన్నాడట, ముసలి అడుగులు పక్కకు పోవడమూ విన్నాడు, తర్వాత రెండు జతలూ కలిసి సరైన దారికి రావడమూ విన్నాడు. అంతా మంచిగానే ఉందని తెలిసి నిలబడ్డాడు.

“నీకు తెలిసింది. ఆ తల్లికెలా తెలుస్తుంది?” అంది మిదేవ.

మామ రబ్బరు బూట్లు నేల మీద కదిలిన చప్పుడైంది.

ఆమె మెత్తబడి, మనం చర్చికి పోయేవాళ్ళం, ఇంకా ఈ పట్టింపులేంటన్నా అంది. చర్చికి మా అత్తగారూ వస్తుంది, అక్కడ కూడా నేను ఆడవాళ్ళ వైపు చూడను అన్నాడు మామ. పోనీ పెద్దల్ని కూచోబెట్టు, ఒక దుప్పటీ కోడీ పెట్టి ఈ అడ్డం తీయించుకో, ఊళ్ళో ముగ్గురు తీయించుకున్నారు గదా అంది. అది అడగాల్సింది ఆమె, నేను కాదు, చిన్నవాడు అడిగితే తప్పు అన్నాడు. మిదేవ తేల్చి చెప్పింది.

“సోమవారం నుంచి చిన్న దారిలో గైడ్లూ వచ్చినవాళ్ళూ తప్ప ఒంటరిగా ఎవరూ తిరగకూడదు. ఆమెను మానేయమను. లేదంటే చిన్న దారి ఇంకొకరికిచ్చి నువ్వు కొండ దారి ఎక్కు.”

ఆ మోకాలితో మామ కొండ దారి ఎక్కలేడు. అది ఆమెకూ తెలుసు. ఆ తర్వాత ఇద్దరూ కిటికీలోంచి నాకేసి చూశారు. మధ్యమనిషి కావాలి గదా. ఖసండి మా తాతల తరంలో మా ఇంటికొచ్చిన కోడలు, నాకు అవ్వ వరస. ముసింబి మేనత్త పొద్దున్నే టీ ఆకు కోతకు పోతుంది, పొద్దువాలితే గాని రాదు. మిగిలింది నేను. వేరుశనక్కాయల తొక్కలు దులుపుకుని బండి స్టార్టు చేశాను.

ఖసండి ఇంటి ముందు చాప మీద కూచుని కూరకు మ్రెండా అనే జిగురాకును కాడల్నుంచి తుంపుతోంది. వేళ్ళే చూస్తున్నాయి, కళ్ళు ఎటో ఉన్నాయి. బండి చప్పుడుకే గుర్తుపట్టింది. మా దగ్గర అవ్వకు మనవడు సరసానికి మొగుడు. చిన్నప్పటినుంచీ నన్నలాగే పిలుస్తుంది.

“వచ్చాడమ్మా మొగుడు. చేతులూపుకుంటూ వచ్చాడా, చక్కెర ఏమన్నా తెచ్చాడా?”

“తేలేదు అవ్వా.”

“అయితే వేరే పెళ్ళాం దొరికినట్టే. దాని పళ్ళు నాకంటే బాగుంటాయిలే.”

కూచుని సంగతంతా చెప్పాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. నువ్వు అడవికి పోతే మామ పని పోతుంది, మామ పని నిలవాలంటే నువ్వు ఇంట్లో కూచోవాలి అన్నాను. ఆమె వేళ్ళు ఆగలేదు. ఇంట్లో కూచుని ఏం చెయ్యాలి అని అడిగింది. కట్టెలు ముసింబి తెస్తుంది, మోపులు కొనుక్కోవచ్చు కూడా అన్నాను. కట్టెల కోసమే పోతున్నాననుకున్నావా అంది. వాగు దగ్గర కూచుంటే చల్లగా ఉంటుందట. కోతులు పైనుంచి పళ్ళ తొక్కలు పడేస్తాయట. కళ్ళు మసకైనాక ఇంట్లో అన్నీ అడ్డమొస్తున్నాయి గానీ అడవిలో ఏదీ అడ్డం రాదట, అక్కడ ఏది ఎక్కడుందో కాళ్ళకు తెలుసట.

“తెలిస్తే నిన్న వాగువైపెందుకు పోయావు?”

ఆకు తుంపడం ఆపింది.

“ఆ మలుపులో అడ్డంగా ఒక వేరుండేది. బొటనవేలితో దాన్ని తడిమి ఎడమకు తిరిగేదాన్ని. నిన్న అది లేదు. ఇంకా ముందుందేమోననుకుని పోయాను.”

ఆ వేరు నాకు తెలుసు. మొన్ననే ఒక పిల్లాడు దానికి తట్టుకుని పడి పెదవి చిట్లగొట్టుకుంటే, ఇంకెవరూ పడకుండా గొడ్డలితో నరికి, గుంట పూడ్చి, పైన మట్టి తొక్కింది ముకబానె. నడక కొత్తవాళ్ళకు తేలిగ్గా ఉండాలని. పనంతా అయ్యాక నేనే అతన్ని ఇంటి దగ్గర దింపాను. గొడ్డలి నా బండికే కట్టుకున్నాం.

ఆ సంగతి ఆమెకు చెప్పాలో లేదో తెలియక మాట మార్చాను. దుప్పటీ కోడీ సంగతి ఎత్తాను. నువ్వు ఒక్క మాటంటే పెద్దలొస్తారు, ఆయన ఎదురుగా వచ్చి నీ చెయ్యి పట్టుకుని వాగు దాటిస్తాడు, ఈ చప్పట్ల గోలంతా వదిలిపోతుంది అన్నాను. ఖసండి నవ్వింది. ఉన్న రెండు పళ్ళూ కనపడ్డాయి.

“ఒరే మొగుడా, మా అల్లుడు నన్ను సరిగ్గా చూసింది ముసింబిని అడగడానికొచ్చిన రోజు, వాకిట్లో, ఒక్కసారి. అప్పుడు నాకు పళ్ళన్నీ ఉన్నాయి. నీళ్ళ కుండ ఎత్తుకుని చెయ్యి పట్టకుండా నడిచేదాన్ని. ఆ తర్వాత చూడలేదు. నువ్వు నన్ను ముసలిదాన్నిగానే ఎరుగుదువు. నా కూతురుకీ నేను ముసలిదాన్నే. అద్దంలోనూ అంతే, అది కనపడటం మానేసిందనుకో. అతని తలలో మాత్రం నేనింకా కుండెత్తుకుని నడుస్తున్నా. ఒక కోడి కోసం దాన్ని పోగొట్టుకోమంటావా?”

మరి సోమవారం సంగతేంటి అని అడిగాను. ఆమె మళ్ళీ ఆకు చేతిలోకి తీసుకుంది. అల్లుడి అన్నం పోగొట్టేదాన్ని కాదు, మానేస్తానని చెప్పు అంది. సరసంగా మాట్లాడే మనిషి ఆ మాట సరసం లేకుండా అంది. నేను లేస్తుంటే మాత్రం, నిన్నటి ఆ పిల్ల చెయ్యి ఎంత మెత్తగా ఉందో చెప్పింది. వాగు మీద ఆ పిల్ల తొందరపెట్టలేదట. ఒక్కో అడుగుకూ ఆగిందట. మీ మామ దగ్గర నేర్చుకుని ఉంటుందిలే అంది.

తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. గేటు దగ్గర జనం లేరు. మిదేవ రేకుల కింద టీ తాగుతోంది. మానేస్తానంది అని చెప్పాను. ఆమెకు సంతోషమేమీ కలగలేదు. గ్లాసు కింద పెట్టి, నేనామెను అడవిలోకి రావద్దనలేదు ఇంగోసీ, ఒంటరిగా రావద్దన్నాను అంది. కళ్ళు మూసుకోవడం కూడా ఉండనీయి, జనానికి నచ్చింది, కానీ అంతమంది మూసుకుంటే తెరిచి ఉంచే మనిషి ఒకరుండాలి గదా, ఇది నేను కోపంలో సరిగ్గా చెప్పలేదు అంది. మామ ఎక్కడున్నాడని అడిగితే చేత్తో అడవివైపు చూపించింది.

తడుస్తూనే వెళ్ళాను. ముకబానె మలుపు దగ్గర విచ్చిన మానులో నిలబడి ఉన్నాడు. దాని మొదట్లో ఇద్దరు తడవకుండా నిలబడవచ్చు. ఆమె మానేస్తానందని మొదట చెప్పాను. తల ఊపాడు. తర్వాత వేరు సంగతి చెప్పాను, బొటనవేలితో తడిమి ఎడమకు తిరిగేదని. మామ నాకేసి చూడలేదు. బయటికి వెళ్ళి వానలో ఆ పూడ్చిన చోట నిలబడ్డాడు. బూటు ముందుభాగంతో నేలను అటూ ఇటూ రాశాడు. మట్టి చదునుగా ఉంది, బాగా తొక్కిన మట్టి.

“నేనే తీశాను,” అన్నాడు.

“తెలుసు మామా.”

ఎద్దుకు చెప్పినట్టు ఏదో గొణుక్కున్నాడు, నాకు వినపడలేదు. పక్క పొదల్లోకి పోయి ఒక గట్టి కొమ్మ ఏరుకొచ్చాడు. దాన్ని ఆ చోట అడ్డంగా పెట్టి, పిల్లలు మళ్ళీ తట్టుకుంటారని తీసేశాడు. దారికి వారగా పెట్టాడు, అక్కడైతే ఆమె కాలికి తగలదు. అది కూడా తీసేశాడు. కొమ్మ చేత్తో పట్టుకుని మానులోకి తిరిగొచ్చాడు. ఒంటరిగా రావద్దన్నానే గాని రావద్దనలేదన్న మిదేవ మాట అప్పుడు చెప్పాను. కళ్ళు తెరిచి ఉంచే మనిషి ఒకరు కావాలందని కూడా చెప్పాను. అవ్వ చెప్పిన మిగతా మాటలు, ఆ కుండ సంగతీ పళ్ళ సంగతీ చెప్పలేదు. అవి అతనికి పంపిన మాటలు కావనిపించింది.

వాన తగ్గేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. వాగు నీళ్ళ చప్పుడు పెరిగింది. పైన ఎక్కడో కోతులు ఒళ్ళు దులుపుకున్నట్టున్నాయి, ఒక్కసారిగా నీళ్ళు రాలాయి. మామ కొమ్మ మీద బెరడు గోటితో గీకుతూ మాట్లాడాడు.

“పొద్దున నీకు బేరాలుండవు గదా.”

“పెద్దగా ఉండవు.”

“నేను చప్పట్లు కొట్టేసరికి నువ్వు పొదల దగ్గర ఆమె పక్కన ఉండు. చెయ్యి పట్టుకుని వాగు దాటించు. తొందరపెట్టకు. దాటాక కర్ర మాత్రం ఆమెనే కొట్టనీ.”

సరేనన్నాను. వెళ్ళడానికి కదిలితే నా చొక్కా పట్టుకుని ఆపాడు.

“ఇంకొకటి అడుగుతాను ఇంగోసీ. రోజూ దగ్గర్నుంచి చూస్తావు. ఆమె ఎలా ఉందో, ఎంత చిక్కిందో, నేనడిగినా సరే, నాకెప్పుడూ చెప్పకు.”